చిక్కుడు పాదు, రెండడుగుల కంచె



ఏప్రిల్ నెలాఖరుకు వచ్చాం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ రోజుల్లో కిటికీల దగ్గర చోటుండదు. పెరుగు డబ్బాల్లో వంగనారు, మిరపనారు, పేపరు గ్లాసుల్లో బెండ, గోంగూర, చిక్కుడు మొలకలు. చలి రాత్రులు ఎప్పుడు పోతాయా, ఈ నారంతా పెరట్లోకి ఎప్పుడు దించుదామా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటారు. మాకు సెంట్రల్ జెర్సీలో మే నెల సగం గడిచేదాకా ఆ నమ్మకం కుదరదు. అంటే ఇంకో రెండు మూడు వారాల వ్యవధి ఉంది. ఆ వ్యవధిని ఒక్క పనికి వాడుకోమని అడగడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. నారు నేలలో దించకముందే మడి చుట్టూ కుందేలు దూరని కంచె వేయండి. మందులు, పొడులు, బొమ్మల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మన పెరళ్ళలో తిరిగే ఈ కుందేలును ఇక్కడ కాటన్‌టెయిల్ అంటారు. తోక అడుగున తెల్లటి దూదిలా ఉంటుంది గనక ఆ పేరు. మన ఊళ్ళ చేలగట్ల మీద, చిట్టడవుల్లో కనిపించే చెవులపిల్లి వేరే జాతి. దాని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. కాటన్‌టెయిల్ పిల్లలు పుట్టినప్పుడు వాటికి ఒంటి మీద బొచ్చుండదు, కళ్ళు కనబడవు. ఇది బొరియ తవ్వదు. గడ్డిలో అరచేతి లోతు గుంట చేసి, తన పొట్ట మీది బొచ్చే పీకి పరిచి అందులో ఈనుతుంది. చూలు నిలిచిన నాలుగు వారాలకు ఈనుతుంది, ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు. వసంతం మొదలుకొని వేసవి చివరిదాకా మూడు నాలుగు ఈతలు, ఈతకు నాలుగైదు పిల్లలు. నక్కలు, డేగలు, గుడ్లగూబలు, వీధి పిల్లులు వాటిలో చాలావాటిని ఏడాది తిరక్కుండానే తినేస్తాయి. అయినా మే, జూన్ నెలల్లో మన గడ్డి మీద వాటికి లోటుండదు. కత్తిరించిన లేతగడ్డి, పక్కన పొదలు, డెక్ కింద చీకటి. కుందేలు బతకడానికి ఏం కావాలో అవన్నీ మన కాలనీలే అమర్చిపెడుతున్నాయి. అందుకని దాన్ని పారదోలడం గురించి ఆలోచించి లాభం లేదు. ఒకటి పోతే వారంలో ఇంకొకటి వస్తుంది. మనం కాపాడుకోగలిగింది మన మడినే.

ఏ మొక్క మీద పడుతుందో ముందు తెలిస్తే కంచె ఎక్కడ వేయాలో తెలుస్తుంది. చిక్కుడు, బీన్స్, బఠాణీ, అలసంద వంటి కాయజాతి మొలకలంటే దానికి ప్రాణం. మెంతికూర, పాలకూర, కొత్తిమీర, తోటకూర, క్యారెట్ ఆకు, బీట్‌రూట్ ఆకు కూడా వదలదు. టమాటా జోలికి పెద్దగా రాదు. ఉల్లి, వెల్లుల్లి వాసన దానికి పడదు. బీర, సొర, దోస పాదుల నూగు ఆకు పెరిగాక ముట్టదు. కానీ మొలక దశలో దేన్నీ నమ్మి వదలకండి. మిరపనారు కూడా కొరికి పారేసిన సందర్భాలున్నాయి.

ఆకుకూర పోతే నాకు అంత బెంగ లేదు. పైన కొరికినా అడుగునుంచి మళ్ళీ చిగురేస్తుంది, కాకపోతే ఇంకో గుప్పెడు మెంతులు చల్లుకోవచ్చు. చిక్కుడు అలా కాదు. గింజ మొలకెత్తాక రెండు బద్దలూ విచ్చుకుని పైకి వస్తాయి కదా, ఆ బద్దల కింద కొరికితే ఇక ఆ మొక్క లేదు. చిగురు పుట్టే కణుపు మిగలదు. పైగా మన చిక్కుడు, తీగ చిక్కుడు, పగటి పొద్దు తగ్గితే తప్ప పూతకు రాదు. జూన్‌లో ఇక్కడ పగలు 15 గంటలు. ఎంత ఎరువు వేసినా ఆ తీగ అప్పుడు ఆకులే వేస్తుంది. సెప్టెంబరులో పొద్దు కుదించుకున్నాక గెలలు వేసి, అక్టోబరులో కాయ ఇస్తుంది. ఆ నెలలోనే మా వైపు మొదటి మంచు పడుతుంది, ఒక్క రాత్రిలో తీగంతా నల్లబడిపోతుంది. అంటే కాపు కాసేది కొన్ని వారాలే. ఆ కొన్ని వారాల్లో ఎన్ని కాయలు కోస్తామనేది మే, జూన్ నెలల్లో తీగ ఎంత పెరిగి పందిరెక్కిందనే దాన్ని బట్టి ఉంటుంది. మొదటి మొలకను కుందేలు కొరికి, మళ్ళీ గింజ పెట్టి, అదీ పోయి, జూలైలో మూడోసారి పెట్టిన తీగ పందిరి సగం కూడా ఎక్కదు. మేలో ఒక్క పొద్దున పోయిన మొలకకు లెక్క అక్టోబరులో తేలుతుంది.

మా వీధిలో ఒక పెద్దాయన కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చారు. తెనాలి వైపు రైతు. కారు నడపరు, ఇంగ్లీషు అంతగా రాదు, కొడుకూ కోడలూ పొద్దున పనికి వెళితే సాయంత్రమే రావడం. ఆయనకు ఆ ఇంట్లో తనదనిపించేది పెరట్లో వేసుకున్న చిక్కుడు, బీర పాదులే. ఒకనాడు పొద్దున్నే నడకకు వెళుతుంటే నన్ను ఆపారు.

"ఇదేం తెగులో చూడమ్మా. పురుగు కనపడదు, తెగిన ఆకు కింద పడలేదు. రాత్రికి రాత్రి మాయమైపోయినాయి."

ఇద్దరం మడి దగ్గర కూర్చుని చూశాం. వరసగా నాలుగైదు కాడలు, ఒక్కొక్కటి రెండంగుళాల ఎత్తున మోడుగా నిలబడి ఉన్నాయి. పైభాగం లేదు. తెగినచోట ఏటవాలుగా, నున్నగా, కొడవలి వేసినట్టు ఉంది. ఇంకా తడి ఆరలేదు. మట్టి మీద బఠాణీ గింజల్లాంటి గుండ్రటి పెంటికలు. "పురుగు కాదు బాబాయిగారూ, కుందేలు" అన్నాను. ఆయన నమ్మలేకపోయారు. "మా చేలల్లోనూ చెవులపిల్లులు తిరుగుతాయమ్మా, కానీ ఇట్లా ఇంటి మెట్ల దాకా వచ్చి కోసుకుపోవడం నేను చూళ్ళేదు" అన్నారు.

ఆ తెగిన తీరే మనకు ఆనవాలు. కుందేలుకు పైనా కిందా పదునైన ముందుపళ్ళుంటాయి, అందుకే కోత నున్నగా ఉంటుంది. జింకకు పైన ముందుపళ్ళు లేవు. అది పట్టి లాగుతుంది గనక కాడ చీలి, పీచులు వేలాడుతూ కనిపిస్తుంది. అదీ మోకాలెత్తుకు పైన. కట్‌వార్మ్ అనే పురుగైతే కాడను నేల మట్టానికి కొరికి, మొక్కను అక్కడే పడేస్తుంది. పడిన మొక్క అక్కడుంటే పురుగు, అసలు మొక్కే లేకపోతే కుందేలు. ఈ తేడా తెలియక పురుగుమందు చల్లేవాళ్ళున్నారు. డబ్బు పోవడం అటుంచి, మనం తినే మడిలో అక్కర్లేని విషం వేసినట్టవుతుంది.

ఇక కంచె సంగతి. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను గనక నెమ్మదిగా చెబుతాను, వీలైతే కాగితం మీద రాసుకోండి.

కావలసింది కోళ్ళగూళ్ళకు వాడే ఇనుప తీగ వల. ఇక్కడ దుకాణాల్లో చికెన్ వైర్ అని అడిగితే ఇస్తారు. కన్ను అంగుళానికి మించకూడదు. రెండంగుళాల కన్నుదైతే పిల్ల కుందేలు అందులోంచి హాయిగా వెళ్ళిపోతుంది. మూడడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు చుట్ట తీసుకోండి. మన ఇళ్ళలో మామూలుగా కట్టుకునే నాలుగడుగులు, ఎనిమిదడుగుల మడికి చుట్టుకొలత 24 అడుగులే, ఒక్క చుట్ట సరిపోతుంది. వల వెడల్పు మూడడుగుల్లో రెండడుగులు నిలువుగా నిలబెట్టి, కింది అడుగును బయటివైపుకు మడిచి నేల మీద పరవండి. మూలల్లో ఆ పరిచే భాగాన్ని కత్తెరతో చీలిస్తే చక్కగా తిరుగుతుంది. లోపలివైపుకు మాత్రం మడవద్దు. కుందేలు కంచె మొదట్లోనే గీరడం మొదలుపెడుతుంది. కాలి కింద వల తగిలితే ఆపేస్తుంది. ఒకడుగు వెనక్కి జరిగి అక్కడినుంచి తవ్వుకుంటూ రావాలన్న ఆలోచన దానికి రాదు. పరిచిన వలను యూ ఆకారపు పిన్నులతో అడుగుకొకటి చొప్పున నేలకు బిగించండి. నెల తిరిగేసరికి గడ్డి అందులోంచి పెరిగి వలను పట్టేస్తుంది. ఆ వల మీద గడ్డి కోసే మిషను తిప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. పరవడం ఇష్టం లేకపోతే ఆరంగుళాల లోతున పాతిపెట్టినా సరే.

రెండడుగుల ఎత్తు చాలా అని చాలామంది అనుమానం. కాటన్‌టెయిల్‌కు చాలు. అది పైనుంచి దూకే దారి వెతకదు, కింద సందు వెతుకుతుంది. అందుకే ఎత్తు పెంచడానికి పెట్టే ఖర్చు కింద బిగువు మీద పెట్టమంటాను. వాకిలి పెట్టుకుంటే అక్కడే ఎక్కువ శ్రద్ధ కావాలి. తలుపు కింద మూడు వేళ్ళ సందు ఉన్నా కంచె లేనట్టే. అక్కడ ఒక చెక్క గడప వేసి, తలుపు దానికి ఆనేలా చూడండి. అసలు నన్నడిగితే చిన్న మడికి వాకిలి వద్దు. రెండడుగుల కంచెను పెద్దవాళ్ళు కూడా దాటి లోపలికి చెయ్యి పెట్టగలరు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలకు కష్టమనుకుంటే ఒకవైపు వలను కొక్కేలకు తగిలించి, తీసి పెట్టుకునేలా చేయండి.

ప్లాస్టిక్ వల చవకని తెస్తుంటారు. కుందేలు దాన్ని ఒక రాత్రిలో కొరికేస్తుంది. పైగా పాములూ పిట్టలూ చిక్కుకుని చచ్చిపోతాయి. కొద్దిపాటి డబ్బు ఎక్కువైనా ఇనుప వలే తెచ్చుకోండి. కాలనీ సంఘం వాళ్ళు కంచెలకు అభ్యంతరం చెప్పే చోట నల్లపూత వేసిన వల దొరుకుతుంది, కాస్త దూరం నుంచి చూస్తే అంతగా కంటికి ఆనదు. వేసే ముందు మీ సంఘం నియమాలు ఒకసారి చదువుకోండి.

ఈ తీగ వల వయసు చిన్నదేమీ కాదు. 1844లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో చార్లెస్ బర్నార్డ్ అనే ఆయన, బట్టలు నేసే మగ్గం పద్ధతి చూసి, తీగను వలగా అల్లే యంత్రం తయారుచేశాడు. ఆ వల అవసరం ప్రపంచానికి ఎంతగా పడుతుందో తర్వాత ఆస్ట్రేలియాలో తేలింది. మెల్‌బోర్న్ నుంచి వినే మిత్రులకు ఈ కథ తెలిసే ఉంటుంది. 1859లో విక్టోరియాలోని వించెల్సీ దగ్గర బార్వన్ పార్క్ అనే ఎస్టేటులో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేటాడుకోవడానికని ఇంగ్లండు నుంచి రెండు డజన్ల కుందేళ్ళు తెప్పించి వదిలాడు. అవి ఖండాన్ని కమ్మేశాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం 1901లో మొదలుపెట్టి 1907 నాటికి 1,833 కిలోమీటర్ల పొడవున కంచె వేయించింది. అంత కంచె వేసినా పని జరగలేదు. కంచె కట్టడం పూర్తికాకముందే కుందేళ్ళు దాన్ని దాటి అవతలికి చేరిపోయాయి. ఇంకో రెండు కంచెలు వేయవలసి వచ్చింది. చివరికి 1950లో మిక్సోమటోసిస్ అనే రోగాన్ని కుందేళ్ళలో వదిలితే గానీ వాటి సంఖ్య దిగలేదు. అక్కడివి యూరప్ కుందేళ్ళు, బొరియలు తవ్వే జాతి. అందుకని ఆస్ట్రేలియా శ్రోతలు వలను పాతడంలో నాకన్నా ఎక్కువ పట్టుదలగా ఉండాలి. మనందరికీ పనికొచ్చే సంగతి మాత్రం ఒకటే. కుందేలు లోపల ఉండగా కట్టిన కంచె పొడవెంతైనా వృథాయే.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి, దీన్ని దయచేసి మరిచిపోకండి. కంచె మూసే ముందు మడి లోపలా, చుట్టుపక్కల గడ్డిలోనూ ఒకసారి చేత్తో వెతకండి. ఎండుగడ్డీ బూడిదరంగు బొచ్చూ కలిసిన చిన్న కుప్ప కనిపిస్తే అది కుందేలు గూడు. తల్లి పగలంతా దూరంగా ఉంటుంది, తను దగ్గరుంటే నక్క పసిగడుతుందని. పొద్దు వాలాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వచ్చి కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్ళిపోతుంది. తల్లి కనబడలేదు గనక అనాథలనుకుని కుందేలు పిల్లల్ని ఇంట్లోకి తెచ్చి పాలు పట్టే చిన్నపిల్లలున్నారు, వాళ్ళది మంచి మనసే, కానీ అలా తెచ్చినవి చాలావరకు బతకవు. గూటి మీద రెండు సన్నటి పుల్లలు అడ్డంగా పెట్టి చూడండి. తెల్లారేసరికి పుల్లలు కదిలి ఉంటే తల్లి వచ్చి వెళ్ళినట్టే. మూడు వారాల్లో పిల్లలు గూడు విడిచి వెళ్ళిపోతాయి. గూడు మడిలోనే ఉంటే ఆ మూడు వారాలు కంచె మూయడం ఆపండి, నారు డబ్బాల్లోనే ఉండనివ్వండి. ఏప్రిల్‌లోనే పని మొదలుపెట్టమని నేను పోరేది ఇందుకు కూడా.

ఇక మిగతా ఉపాయాలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఎవరి చిట్కా వాళ్ళకు వేదం. కారం చల్లితే రావంటారు ఒకరు. నిజమే, కారంలోని ఘాటు దానికి పడదు, కొనే మందుల్లో కొన్నిటిలో ఉన్నదీ ఆ ఘాటే. కానీ ఒక్క వానకు కొట్టుకుపోతుంది. గాలి వాటున పిల్లల కళ్ళల్లో పడుతుంది. కుళ్ళిన గుడ్డు వాసన మందులు పూలమొక్కలకు పనికొస్తాయి, రేపు కోసి పప్పులో వేసుకునే తోటకూరకు నేను సలహా ఇవ్వను. కొన్నా, కాయగూరల మీద వాడవచ్చని సీసా మీద ఉందో లేదో చదవండి. బంతిమొక్కలు చుట్టూ వేస్తే రావన్నది వట్టి నమ్మకమే, ఆకలేస్తే బంతినీ తింటాయి. మడి అంచున వేసుకోండి, బతుకమ్మకీ దసరా గుమ్మానికీ పూలకు పూలు వస్తాయి. ప్లాస్టిక్ గుడ్లగూబకు మూడు రోజుల్లో అలవాటు పడిపోతాయి. కదలిక పసిగట్టి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లరు కొంతవరకు నయం.

ఒక్కటి మాత్రం గట్టిగా వద్దంటాను. కలరా ఉండలు. బీరువాలో బట్టల మధ్య వేసుకునే ఆ తెల్ల గోళీలను మడి చుట్టూ చల్లేవాళ్ళు మనలో ఉన్నారు. వాటి మందు మట్టిలోకి దిగుతుంది. పసిపిల్లలు మిఠాయి బిళ్ళలనుకుని నోట్లో పెట్టుకుంటారు. అమెరికాలో పురుగుమందును ప్యాకెట్ మీద రాసినట్టు తప్ప మరోలా వాడడం చట్టరీత్యా నేరం, ఈ ఉండలు పెరట్లో చల్లడం కూడా దాని కిందికే వస్తుంది. విషం పెట్టాలన్న ఆలోచన కూడా రానివ్వకండి. బోనులో పట్టి పార్కులో వదిలిరావడం దయగల పనిలా కనిపిస్తుంది గానీ, చాలా రాష్ట్రాల్లో అనుమతి లేదు, ఆ కుందేలు కొత్త చోట బతికేదీ అంతంతే. చచ్చిన కుందేలు పెరట్లో కనిపిస్తే ఒట్టి చేతులతో తాకవద్దు. తులరేమియా అనే జబ్బు దాని ద్వారా మనుషులకు సోకవచ్చు. గ్లౌజులు వేసుకుని తీయండి.

కంచె సరిగ్గా ఉన్నా పంట పోతుంటే అది కుందేలు పని కాకపోవచ్చు. పట్టపగలు వచ్చి మడి మడంతా నున్నగా మేసిపోయేది గ్రౌండ్‌హాగ్. అది ఎక్కుతుంది, తవ్వుతుంది. దానికి మూడు నాలుగడుగుల ఎత్తు కావాలి, పైఅంచు బిగించకుండా బయటికి వంగేలా వదలాలి, అడుగున వల తప్పనిసరి. జింకలకైతే ఎనిమిదడుగులు. వాటి గురించి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి.

మీ ఊరి నేలకూ వాతావరణానికీ తగిన సలహా ఉచితంగా దొరికే చోటు ఒకటుంది, మనవాళ్ళు తక్కువగా వాడుకుంటున్నారు. 1914 నాటి చట్టంతో అమెరికాలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా కోఆపరేటివ్ ఎక్స్‌టెన్షన్ అనే వ్యవస్థ ఏర్పడింది. న్యూజెర్సీలో రట్గర్స్ విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతుంది. మన దగ్గర వ్యవసాయ విస్తరణాధికారి చేసే పనే. మీ కౌంటీ ఆఫీసుకు ఫోను చేయండి, తెగిన కాడ ఫొటో పంపండి. అది ఎవరి పనో, మీ రాష్ట్రంలో ఏది చేయవచ్చో, ఏది కూడదో వాళ్ళు చెబుతారు.

చలికాలం గురించి ఒక ముక్క. పచ్చిక దొరకనప్పుడు కుందేలు లేత చెట్ల బెరడు కొరుకుతుంది. నిరుడు నాటిన అంజూరమో, ఆపిలో ఉంటే నవంబరులో మొదలు చుట్టూ అరంగుళం కన్ను వల గొట్టంలా చుట్టండి. మంచు ఎంత ఎత్తు పేరుకుంటుందో దానికి పైన రెండడుగులు వచ్చేలా చూడండి. ఎందుకంటే కుందేలు ఆ మంచు మీద నిలబడే కొరుకుతుంది.

మే, జూన్ నెలల్లో మన ఇళ్ళకు అమ్మానాన్నలు, అత్తమామలు వస్తారు. పొద్దున లేచి పాదు ఎంత సాగిందో చూసుకుని, ఊళ్ళో ఉన్న అక్కకో తమ్ముడికో వీడియో కాల్లో చూపించుకునే పెద్దవాళ్ళు ఎంతోమంది. వాళ్ళు విమానం దిగేలోపు, ఈ శనివారమో వచ్చే శనివారమో ఒక పూట కేటాయించి, గూళ్ళున్నాయేమో చూసి, వల పరిచి, పిన్నులు దించి కంచె సిద్ధం చేయండి. నారు ఆ తర్వాతే నాటండి.